ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బృంద సామర్థ్యాన్ని లెక్కించడం: పోస్టుల సంఖ్య నుంచి పని నిమిషాల దాకా

ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఎంతమంది సిబ్బంది ఉండాలన్న ప్రశ్నకు మన దేశంలో చాలాకాలంగా జనాభా లెక్కే సమాధానంగా నిలిచింది. 1946లో, దేశ ఆరోగ్య వ్యవస్థపై నివేదిక ఇచ్చిన భోర్ కమిటీ తొలి దశగా 40,000 జనాభాకు ఒక కేంద్రాన్ని సూచించింది. ఇప్పుడు అమలులో ఉన్న భారతీయ ప్రజారోగ్య ప్రమాణాల ప్రకారం మైదాన ప్రాంతంలో 30,000 మందికి, కొండ, గిరిజన ప్రాంతాల్లో 20,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ) ఉండాలి. ఉపకేంద్రమైతే మైదానంలో 5,000 మందికి, కొండ ప్రాంతంలో 3,000 మందికి ఒకటి చొప్పున ఉండాలి. భవనం ఎక్కడ కట్టాలో తేల్చడానికి ఈ సంఖ్యలు సరిపోతాయి గానీ, ఆ భవనంలో పనిచేసే బృందం తన పరిధిలోని వారికి కావలసిన వైద్యాన్ని నిజంగా అందించగలదా లేదా అన్నది వీటివల్ల తెలియదు. 30,000 జనాభా ఉన్న రెండు మండలాల్లో ఒకచోట వృద్ధులు, బీపీ, షుగర్ రోగులు ఎక్కువగా ఉండవచ్చు, మరొకచోట చిన్నపిల్లలు, గర్భిణులు ఎక్కువగా ఉండవచ్చు. పోస్టులు సమానమే అయినా పని సమానం కాదు.

ఈ వ్యాసంలో వివరించే పద్ధతి ప్రపంచ ఆరోగ్య సంస్థ 1998లో రూపొందించి 2010లో సవరించిన పనిభారం ఆధారిత సిబ్బంది అంచనా విధానాన్ని అనుసరించినదే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలోని పీహెచ్‌సీ వైద్యాధికారి తన కేంద్రంలోని రిజిస్టర్లతో, ఒక సాధారణ ఎక్సెల్ పట్టికతో చేసుకోగలిగేలా దాన్ని ఇక్కడ సరళం చేశాను. ఉదాహరణగా మైదాన ప్రాంతంలో 30,000 జనాభా, ఇద్దరు వైద్యాధికారులు, 12 గ్రామ ఆరోగ్య క్లినిక్కులు, ఒక్కో క్లినిక్కులో ఒక ఎంఎల్‌హెచ్‌పీ (వైద్యుడికీ ఏఎన్ఎంకీ మధ్య స్థాయి ఆరోగ్య సిబ్బంది), ఒక ఏఎన్ఎం (గ్రామ స్థాయి నర్సు), మొత్తం 30 మంది ఆశా కార్యకర్తలు ఉన్న కేంద్రాన్ని ఊహించుకుందాం. ఇందులోని శాతాలు, నిమిషాలు చాలావరకు లెక్క నడపడానికి తీసుకున్న అంచనాలే కాబట్టి ఎవరి కేంద్రానికి వారు తమ సంఖ్యలను పెట్టుకోవాలి.

ముందుగా జనాభా జాబితా

మొదటి పని మీ పరిధిలో ఎవరెవరు ఉన్నారో పేరుపేరునా తెలిసిన జాబితాను సిద్ధం చేసుకోవడం. ఇంటింటి సర్వేలో నమోదైన కుటుంబాలు, ఆశా కార్యకర్తల దగ్గరున్న వివరాలు, బీపీ, షుగర్ వంటి అంటువ్యాధులు కాని జబ్బుల వివరాలు నమోదయ్యే ఎన్‌సీడీ పోర్టల్‌లోని పేర్లు, గర్భిణుల నమోదు, ఈ నాలుగింటినీ గ్రామాల వారీగా పక్కపక్కన పెట్టి చూడాలి. ఇవి ఒకదానితో ఒకటి సరిపోలకపోవడం మామూలే. పనుల కోసం హైదరాబాదుకో బెంగళూరుకో వెళ్లినవారు జాబితాలో మిగిలిపోతారు, ఇటుక బట్టీలకు ఇతర రాష్ట్రాల నుంచి వచ్చినవారు ఏ జాబితాలోనూ కనబడరు. వలస వచ్చిన కుటుంబాలను వదిలేసి వేసిన ప్రణాళిక, టీకాలు అందని పిల్లలు ఎక్కువగా ఉండే చోటినే వదిలేసినట్లవుతుంది. అందుకే వారి కోసం విడిగా ఒక వరుస కేటాయించాలి.

జాబితా పూర్తికాకముందే స్థూలంగా అంచనా వేయాలనుకుంటే, కేంద్ర మార్గదర్శకాలు వాడే నిష్పత్తి ప్రకారం జనాభాలో 37 శాతం మంది 30 ఏళ్లు పైబడినవారని తీసుకోవచ్చు. మన ఉదాహరణలో ఆ సంఖ్య 11,100. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 ఏళ్లు పైబడిన స్త్రీలలో 21.3 శాతానికి, పురుషులలో 24 శాతానికి రక్తపోటు ఎక్కువగా ఉంది లేదా వారు అందుకు మందులు వాడుతున్నారు. తెలుగు రాష్ట్రాల్లో ఇది జాతీయ సగటు కంటే ఎక్కువే. ముప్పై దాటినవారిలో ఇంకా ఎక్కువ ఉంటుంది కనుక బీపీ గానీ షుగర్ గానీ రెండూ గానీ ఉన్నవారు 30 శాతం, అంటే సుమారు 3,300 మంది అనుకుందాం. వారిలో మూడింట రెండు వంతుల మంది, అంటే 2,200 మంది ప్రభుత్వ కేంద్రం నుంచే మందులు తీసుకుంటారని అంచనా వేద్దాం. జనన రేటు వెయ్యికి 16 చొప్పున ఏడాదికి 480 కాన్పులు జరుగుతాయి. నిలవని గర్భాలను కూడా కలుపుకుంటే 530 మంది గర్భిణుల నమోదు ఉంటుంది.

అవసరాన్ని సందర్శనలుగా మార్చడం

రోగుల సంఖ్య ఒక్కటే పనిని చెప్పదు. ఒక్కొక్కరు ఏడాదిలో ఎన్నిసార్లు రావాలో తేల్చుకుంటేనే పని తెలుస్తుంది. నెలకొకసారి మందులు తీసుకునే పద్ధతిలో 2,200 మంది బీపీ, షుగర్ రోగులు ఏడాదికి 26,400 సార్లు వస్తారు. జ్వరం, దగ్గు, నొప్పులు, గాయాలు, చర్మ వ్యాధుల వంటి మామూలు ఓపీ కోసం తలకు ఏడాదికి 0.8 చొప్పున 24,000 సందర్శనలు అనుకుందాం. ఒక్కో గర్భిణిని కనీసం మూడుసార్లు వైద్యాధికారి స్వయంగా చూడాలని పెట్టుకుంటే 1,590 సందర్శనలు అవుతాయి.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. పోయిన ఏడాది ఓపీ రిజిస్టరులో ఉన్న సంఖ్యనే వచ్చే ఏడాది అవసరంగా తీసుకోకూడదు. మందులు లేవని తిరిగి వెళ్లిపోయినవారు, డాక్టరు లేరని ఊళ్లోని ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకున్నవారు, మందులు మధ్యలో ఆపేసినవారు రిజిస్టరులో కనిపించరు. నిన్నటి కొరతనే రేపటి లక్ష్యంగా రాసుకుంటే ఆ కొరత శాశ్వతమైపోతుంది. రిజిస్టరు సంఖ్యను జాబితాలోని అవసరంతో పోల్చి, రెండింటి మధ్య తేడాను ప్రణాళికలో పైకి కనబడేలా రాయాలి.

ఏ పని ఎవరిది

బృందం అన్న మాటకు అర్థం వచ్చేది ఇక్కడే. 26,400 సందర్శనలనూ వైద్యాధికారులే చూడాలనుకుంటే, ఒక్కోదానికి ఆరు నిమిషాల చొప్పున 1,58,400 నిమిషాలు కావాలి. ఇద్దరు వైద్యులు ఏడాది పొడవునా ఇంకే పనీ చేయకుండా కూర్చున్నా అది సరిపోదని ముందు ముందు లెక్కలో తేలుతుంది. కనుక బీపీ, షుగర్ అదుపులో ఉన్నవారిని ప్రతి నెలా గ్రామ క్లినిక్కులోనే ఎంఎల్‌హెచ్‌పీ పరీక్షించి, నిర్దేశిత చికిత్సా విధానం ప్రకారం మందులు కొనసాగించి, ఏడాదికి రెండుసార్లు మాత్రం వైద్యాధికారికి చూపించే ఏర్పాటు చేయాలి. అదుపులో లేనివారిని వైద్యాధికారి రెండు నెలలకొకసారి తప్పకుండా చూడాలి.

2,200 మందిలో 30 శాతం, అంటే 660 మందికి అదుపులో లేదనుకుంటే ఏడాదికి ఆరు సార్ల చొప్పున 3,960 సందర్శనలు, మిగిలిన 1,540 మందికి రెండు సార్ల చొప్పున 3,080 సందర్శనలు, మొత్తం 7,040 సందర్శనలు వైద్యులవి. మిగిలిన 19,360 సందర్శనలు ఎంఎల్‌హెచ్‌పీలవి. మామూలు ఓపీలో 60 శాతాన్ని, అంటే 14,400 సందర్శనలను వారు గ్రామంలోనే చూడగలిగితే వైద్యులకు 9,600 మిగులుతాయి.

పని అప్పగించడం అంటే బాధ్యతను దింపుకోవడం కాదని నేను గట్టిగా నమ్ముతాను. ఏ స్థాయి దాటితే రోగిని వెంటనే పీహెచ్‌సీకి పంపాలి, ఏ లక్షణం కనబడితే 108కి ఫోన్ చేయాలి, ఏ మందు మోతాదును ఎంఎల్‌హెచ్‌పీ మార్చవచ్చు, ఏది మార్చకూడదు అన్నవి ఒకే పేజీలో రాసి ప్రతి క్లినిక్కులో గోడకు అంటించి ఉండాలి. సందేహం వచ్చినప్పుడు ఈ-సంజీవని అనే ప్రభుత్వ ఆన్‌లైన్ వైద్య సలహా సేవ ద్వారా గానీ నేరుగా ఫోన్‌లో గానీ వైద్యాధికారి అందుబాటులో ఉండే గంట ముందే నిర్ణయమై ఉండాలి, ఆ గంటను కూడా వైద్యుడి పని సమయంలో లెక్కగట్టాలి. ఈ రెండూ లేకుండా చేసిన పని విభజన కాగితం మీద బాగుంటుంది గానీ, మొదటి గుండెపోటు కేసు దగ్గరే దెబ్బతింటుంది.

నిమిషాలను ఎలా నిర్ణయించాలి

ఒక్కో పనికి ఎంత సమయం పడుతుందో ఊహించి రాయకుండా, కనీసం ఒక వారం పాటు ప్రతి విభాగంలో గడియారం పెట్టి చూడాలి. అయితే ఇప్పుడు పడుతున్న సమయమే సరైన సమయం అని కూడా అనుకోకూడదు. 67 దేశాల సమాచారాన్ని పరిశీలించి 2017లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం వైద్యుడు ఒక్కో రోగితో గడిపే సగటు సమయం బంగ్లాదేశ్‌లో 48 సెకన్లు, స్వీడన్‌లో 22.5 నిమిషాలు, మన దేశంలో అది రెండు నిమిషాల దరిదాపుల్లో ఉంది. రెండు నిమిషాల్లో బీపీ మందు ఎందుకు రోజూ వేసుకోవాలో చెప్పడం సాధ్యం కాదు, పాదాలను పరీక్షించడం అసలే సాధ్యం కాదు. కనుక సరిగా చేస్తే ఎంత పడుతుందో ఆ సమయాన్నే ప్రమాణంగా తీసుకోవాలి. మన ఉదాహరణలో వైద్యుడికి బీపీ, షుగర్ సందర్శనకు 8 నిమిషాలు, మామూలు ఓపీకి 6, గర్భిణికి 10 నిమిషాలు పెడదాం; ఎంఎల్‌హెచ్‌పీకి బీపీ, షుగర్ సందర్శనకు 10, మామూలు ఓపీకి 8 నిమిషాలు పెడదాం.

అప్పుడు వైద్యుల మీద పడే పని ఇలా తేలుతుంది: బీపీ, షుగర్‌కు 56,320 నిమిషాలు, మామూలు ఓపీకి 57,600, గర్భిణులకు 15,900, మొత్తం 1,29,820 నిమిషాలు.

చేతిలో ఉన్న సమయం

ఏడాదిలో 365 రోజుల నుంచి 52 ఆదివారాలు, సుమారు 20 పండుగ సెలవులు తీసేస్తే కేంద్రం తెరిచి ఉండే రోజులు 293. ఒక వైద్యాధికారికి క్యాజువల్ సెలవులు, ఆర్జిత సెలవులు, శిక్షణలు, జిల్లా కేంద్రంలో సమీక్షలు అన్నీ కలిపి 43 రోజులు పోతాయనుకుంటే మిగిలేవి 250 రోజులు. రోజుకు భోజన విరామం పోను 390 నిమిషాలు. అందులో 20 శాతం నివేదికలు, స్టాకు తనిఖీ, సిబ్బంది పర్యవేక్షణ, మెడికో లీగల్ పనులు, ఫోన్ కాల్స్ కింద పోతుందనుకుంటే రోగుల కోసం మిగిలేది 312 నిమిషాలు. ఏడాదికి ఒక్కొక్కరికి 78,000, ఇద్దరికీ కలిపి 1,56,000 నిమిషాలు.

ఇక్కడితో ఆపితే బృందానికి సమయం మిగిలిపోతున్నట్లు కనబడుతుంది. కానీ ఆంధ్రప్రదేశ్‌లో 2023 ఏప్రిల్‌లో మొదలైన ఫ్యామిలీ డాక్టర్ విధానంలో లాగా ఇద్దరిలో ఒకరు 104 సంచార వైద్య వాహనంతో ఊళ్లకు వెళ్తుంటే రోజుకు సగటున 75 నిమిషాలు ప్రయాణంలోనే గడుస్తాయి. ఏడాదికి అవి 18,750 నిమిషాలు. మిగిలేది 1,37,250. చేయవలసిన పని అందులో దాదాపు 95 శాతం.

95 శాతం అంటే ఇంకా ఐదు శాతం ఖాళీ ఉంది కదా అని సంతోషించకూడదు. రోగులు గంటకు ఇంతమంది అని లెక్క ప్రకారం రారు. ఒక గంటలో ముగ్గురు, మరో గంటలో పద్నాలుగు మంది వస్తారు. పని సామర్థ్యంలో 85 శాతం దాటిన కొద్దీ నిరీక్షణ సమయం నెమ్మదిగా కాక ఒక్కసారిగా పెరుగుతుందన్నది క్యూల మీద జరిగిన గణిత పరిశోధన ఎప్పుడో తేల్చిన విషయం. 95 శాతంతో నడిచే కేంద్రంలో ఉదయం పదింటికి వచ్చిన వృద్ధురాలు మధ్యాహ్నం దాకా కూర్చుంటుంది, మరుసటి నెల ఆమె రాదు. అందుకే 85 శాతాన్ని గరిష్ఠంగా పెట్టుకోమని నా సలహా. ఆ లెక్కన మన కేంద్రం సుమారు 13,000 నిమిషాల లోటులో ఉంది.

లోటును ఎలా పూడ్చాలి

ముందుగా వైద్యుడు చేయనవసరం లేని పనులను వెతకాలి. నివేదికలు, పోర్టల్ నమోదు వంటి వాటిని డేటా ఎంట్రీ బాధ్యత ఉన్నవారికి అప్పగించి, 20 శాతంగా ఉన్న ఇతర పనులను 15 శాతానికి తగ్గించగలిగితే ఇద్దరు వైద్యులకూ కలిపి 9,750 నిమిషాలు తిరిగి వస్తాయి. అప్పుడు చేతిలో ఉన్నది 1,47,000 నిమిషాలు, అందులో 85 శాతం 1,24,950. ఇంకా సుమారు 4,900 నిమిషాల లోటు మిగులుతుంది. ప్రమాద లక్షణాలు లేని గర్భిణుల మూడు సందర్శనల్లో ఒకదాన్ని అనుభవం ఉన్న స్టాఫ్ నర్సు చూసేలా మారిస్తే గరిష్ఠంగా 5,300 నిమిషాల దాకా తగ్గి లెక్క దాదాపు సరిపోతుంది. ప్రతి నెలా 9వ తేదీన జరిగే ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ శిబిరంలో వైద్యాధికారి ఎలాగూ గర్భిణులను చూస్తారు కనుక, హైరిస్క్ గర్భిణులను ఆ రోజుకు పిలిపించుకుంటే ఎవరూ చూపు తప్పిపోరు.

అదుపులో లేని రోగుల సందర్శనలను తగ్గించి లోటు పూడ్చడం మాత్రం చేయకూడదు. కాగితం మీద అది అన్నిటికంటే తేలిక, ఒక్క గడిలో సంఖ్య మారిస్తే చాలు. కానీ పక్షవాతం, కిడ్నీ వైఫల్యం వచ్చేది ఆ 660 మందిలోనే ఎక్కువ. బృందాన్ని నిలబెట్టుకునేదే వారి కోసమని గుర్తుంచుకుని కోతను ఇంకెక్కడైనా పెట్టాలి.

ఎంఎల్‌హెచ్‌పీల వైపు చూస్తే, బీపీ, షుగర్ సందర్శనలకు 1,93,600, మామూలు ఓపీకి 1,15,200 నిమిషాలు కావాలి. 12 మందికి 250 రోజులకు పంచితే రోజుకు ఒక్కొక్కరికి సుమారు 103 నిమిషాలు మాత్రమే. వారి దగ్గర సమయం ఉంది. ఇంతవరకు వ్యాధి బయటపడని 7,800 మందికి ఏటా ఒకసారి బీపీ, షుగర్, నోటి క్యాన్సర్ పరీక్షలు 15 నిమిషాల చొప్పున చేసినా రోజుకు మరో 39 నిమిషాలే చేరతాయి. అయితే ప్రతి సందర్శనకూ యాప్‌లో నమోదు, నెట్‌వర్క్ లేనప్పుడు రిజిస్టరులో రాసి రాత్రి ఇంటి దగ్గర మళ్లీ ఎక్కించడం వంటివి ఈ లెక్కలో లేవు. గడియారంతో కొలిచే వారంలో ఆ నమోదు సమయాన్ని విడిగా రాయించాలి, ఎందుకంటే చాలాచోట్ల ఎంఎల్‌హెచ్‌పీ రోజును తినేసేది రోగులు కాదు, నమోదులే.

ఏఎన్ఎంలకు బుధ, శనివారాలు టీకాలతోనే నిండిపోతాయి కాబట్టి వారి మిగతా పనులను నాలుగు రోజుల్లోనే సర్దాలి. ఆశా కార్యకర్తల సమయం విషయంలో మరింత జాగ్రత్త అవసరం. వెయ్యి జనాభాకు ఏడాదికి 16 కాన్పులనుకుంటే, ఆసుపత్రి కాన్పు తర్వాత 42 రోజుల్లోపు ఆరుసార్ల చొప్పున 96, మూడో నెల నుంచి పదిహేనో నెల దాకా ఐదుసార్ల చొప్పున 80, మొత్తం 176 ఇంటి సందర్శనలు బిడ్డల కోసమే ఉంటాయి. 30 ఏళ్లు దాటిన 370 మందికి బీపీ, షుగర్ వంటి జబ్బుల ముప్పును అంచనా వేసే సీబ్యాక్ ఫారాలు నింపడం, మందులు ఆపేసినవారి ఇళ్లకు వెళ్లడం, గర్భిణికి తోడుగా ఆసుపత్రికి వెళ్లడం వీటికి అదనం. ఆమెది మొదట రోజుకు రెండు మూడు గంటల పనిగా ఉద్దేశించినది. ఎవరికీ చెందని పనినంతా ఆమె పేరున రాసి ప్రణాళికను పూర్తిచేయడం అన్యాయం, పైగా ఆ పని జరగదు కూడా. ఆమె పేరున రాసే ప్రతి పనికీ నిమిషాలు రాయాలి, రోజుకు గరిష్ఠ గంటలు ముందే నిర్ణయించుకోవాలి.

గ్రామ పర్యటనల క్యాలెండరు

మొత్తం ప్రణాళికలో అన్నిటికంటే సులభంగా దెబ్బతినేది ఇదే కనుక కొంచెం వివరంగా చెప్పాలి. 12 క్లినిక్కులకు నెలకు రెండుసార్ల చొప్పున 24 పర్యటనలు, ఏడాదికి 288. కేంద్రం తెరిచి ఉండే రోజులు 293. అంటే పర్యటన వైద్యుడు ఏడాదంతా ఒక్క సెలవూ పెట్టకపోతేనే క్యాలెండరు నడుస్తుంది. ఆయన నిజంగా అందుబాటులో ఉండేది 250 రోజులు కాబట్టి 38 పర్యటనలు లోటు. ఆ రోజుల్లో రెండో వైద్యాధికారిని ఊరికి పంపితే పీహెచ్‌సీ ఓపీలో వైద్యుడు ఉండరు. పైగా రెండో వైద్యాధికారికీ 43 రోజుల గైర్హాజరీ ఉంది. ఇద్దరి సెలవులూ ఒకే రోజున పడకపోతే ఏడాదిలో 86 రోజులు కేంద్రం ఒకే వైద్యుడితో నడుస్తుంది. వారిలో ఎవరినైనా డిప్యుటేషన్ మీద వేరే చోటికి పంపితే చెప్పనవసరమే లేదు.

దీనికి మూడు పనులు చేయవచ్చు. పక్కపక్కనున్న మూడు నాలుగు పీహెచ్‌సీలు కలిసి సెలవుల క్యాలెండరును ముందుగా పంచుకుని ఒకరి లోటును మరొకరు పూడ్చే ఏర్పాటుకు జిల్లా వైద్య, ఆరోగ్యాధికారి అనుమతి తీసుకోవడం మొదటిది. 1,500లోపు జనాభా ఉండి రోగులు తక్కువగా ఉన్న క్లినిక్కుకు రెండో పర్యటన బదులు నిర్ణీత సమయంలో టెలీ కన్సల్టేషన్ పెట్టి, ఆ రోజును తప్పిపోయిన పర్యటనల కోసం ఖాళీగా ఉంచుకోవడం రెండోది. మూడోది, తప్పిపోయిన పర్యటనను రద్దు అయినట్లు వదిలేయకుండా పది రోజుల్లోపు మరో తేదీ వేసి, ఆ తేదీని ఆశా కార్యకర్త ద్వారా ఊళ్లో ముందే చెప్పించడం. డాక్టరు వస్తారని కూలి పని మానుకుని కూర్చున్న మనిషికి ఆ రోజు డాక్టరు రాకపోతే, అతడు పోగొట్టుకున్నది ఒక రోజు కూలి మాత్రమే కాదు, ఈ ఏర్పాటు మీద నమ్మకం కూడా.

పర్యటన తేదీలు వేసేటప్పుడు ఊరి సంతరోజు, పింఛన్లు ఇచ్చే రోజు, జాతర, నాట్లు, కోతల కాలం చూసుకోవాలి. పింఛను రోజున వృద్ధులంతా ఒకచోట చేరతారు కనుక బీపీ చూడటానికి అది మంచి రోజు. నాట్ల కాలంలో ఉదయం పదింటికి క్లినిక్కు ఖాళీగా ఉంటుంది.

ఎత్తు పల్లాలు

సగటు లెక్కతో వేసిన ప్రణాళిక సగటు రోజున మాత్రమే పనిచేస్తుంది. పీహెచ్‌సీలో వైద్యుడి దగ్గరకు రోజుకు సగటున 36 మంది వస్తారనుకుంటే, ప్రత్యేక కారణమేదీ లేకుండానే కొన్ని రోజుల్లో 48 మంది దాకా వస్తారు. సోమవారం, సెలవుల మర్నాడు ఇంకా ఎక్కువ. ముందుగా పిలవగలిగిన బీపీ, షుగర్ సమీక్షలను సోమవారం పెట్టకుండా మంగళ, గురు, శుక్రవారాలకు మార్చడం ఖర్చు లేని పరిష్కారం.

వానాకాలం మరో తరహా సమస్య. జూలై నుంచి అక్టోబరు దాకా జ్వరాలు, డెంగీ, విరేచనాలు పెరిగినప్పుడు మామూలు ఓపీ రెట్టింపు కావచ్చు, అదే సమయంలో ఏఎన్ఎంలు, ఆరోగ్య సహాయకులు జ్వరాల సర్వేకు వెళ్తారు. ఆ నాలుగు నెలల్లో ఏ పనులు ఆగవచ్చో, ఏవి ఆగకూడదో మే నెలలోనే రాసుకోవాలి. బీపీ అదుపులో ఉన్నవారికి జూన్‌లో రెండు లేదా మూడు నెలల మందులు ఒకేసారి ఇచ్చేందుకు స్టాకు ఉంటే వర్షాల్లో వారి సందర్శనలు బాగా తగ్గుతాయి, వాగులు పొంగినప్పుడు మందులు ఆగవు.

మందులు, ల్యాబ్ కూడా సామర్థ్యమే

వైద్యుడు, నర్సు, సమయం అన్నీ ఉండి మాత్ర లేకపోతే ఆ సందర్శన వృథా. మన 2,200 మందిలో 1,400 మంది రోజుకొక ఆమ్లోడిపిన్ అనే బీపీ మాత్ర వేసుకుంటారనుకుంటే నెలకు 42,000, మూడు నెలలకు 1,26,000 మాత్రలు కావాలి. పోయిన త్రైమాసికంలో ఎంత వాడారో అంతే ఇండెంటు (సరఫరా కోసం కోరిక) పెట్టే అలవాటు వల్ల, స్టాకు లేక వాడనిదంతా అవసరం లేనిదిగా నమోదవుతుంది. మందుల సరఫరా పోర్టల్ ఈ-ఔషధిలో ఇండెంటు పెట్టేముందు రోగుల జాబితా నుంచి వచ్చిన అంకెను ఫార్మసిస్టు, వైద్యాధికారి కలిసి సరిచూడాలి. ల్యాబ్ విషయంలో ఏడాదికి ఒకసారి చేయవలసిన, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ వంటి పరీక్షలను పుట్టిన నెల ప్రకారం పన్నెండు నెలలకు పంచితే చాలు, ల్యాబ్ టెక్నీషియన్ మీద ఒక్కసారిగా భారం పడదు. తెలంగాణలో అయితే నమూనాలు జిల్లా డయాగ్నొస్టిక్ హబ్‌కు వెళ్తాయి కనుక వాహనం వచ్చే వేళకు ముందే సేకరణ ముగిసేలా చూసుకోవాలి.

ఏజెన్సీ ప్రాంతాలు, పట్టణాలు

పాడేరు, రంపచోడవరం, ఉట్నూరు, భద్రాచలం వంటి చోట్ల ఈ పట్టికను ఇలాగే వాడితే తప్పు లెక్క వస్తుంది. అక్కడ పనిని నిర్ణయించేది రోగుల సంఖ్య కంటే దారి. కొండ మీది గూడేనికి జీపు దిగాక రెండు గంటలు నడిచి పది మందిని చూసి వచ్చిన ఏఎన్ఎం రోజంతా పని చేసినట్లే, పట్టిక మాత్రం ఆమె వంద నిమిషాలే పనిచేసిందంటుంది. కనుక ప్రతి ఆవాసానికి ఎండాకాలపు ప్రయాణ సమయం, వర్షాకాలపు ప్రయాణ సమయం అని రెండు గడులు పెట్టాలి. నెలలు నిండిన గర్భిణిని డోలీలో మోయవలసి వచ్చే ఆవాసాలను గుర్తించి, కాన్పు తేదీకి ముందే ఆమెను ప్రసూతి నిరీక్షణ గృహానికి చేర్చే బాధ్యతను పేరుతో సహా ఎవరికైనా అప్పగించాలి.

పట్టణాల్లో ప్రయాణం సమస్య కాదు, వేళ సమస్య. హైదరాబాదులో 2018లో మొదలైన బస్తీ దవాఖానాల వంటి చోట రోజుకూలీలు, ఇళ్లలో పనిచేసే స్త్రీలు పగటిపూట రాలేరు. ఉన్న సిబ్బందితోనే వారానికి రెండు సాయంత్రాలు తెరవడం అదనపు పోస్టు కంటే ఎక్కువ మందిని చేరుస్తుందేమో ఒకసారి ప్రయత్నించి చూడదగ్గది.

సమీక్ష, ప్రతిపాదన

ప్రణాళిక అమలు మొదలయ్యాక నెలకొకసారి నాలుగు అంకెలు చూస్తే సరిపోతుంది: నమోదైన బీపీ, షుగర్ రోగుల్లో ఈ నెల మందులు తీసుకున్నవారు ఎంత శాతం; వారిలో బీపీ 140/90 కంటే తక్కువగా ఉన్నవారు ఎంత శాతం; అనుకున్న పర్యటనల్లో ఎన్ని జరిగాయి; పీహెచ్‌సీలో రోగి చీటీ తీసుకున్నప్పటి నుంచి మందు చేతికి వచ్చేదాకా పట్టిన సమయం ఎంత. మొదటిది పడిపోతే ఆశా కార్యకర్తలతో, రెండోది పడిపోతే చికిత్సా విధానం గురించి ఎంఎల్‌హెచ్‌పీలతో మాట్లాడాలి. ఉదయం ఓపీ మొదలయ్యేముందు పది నిమిషాలు అందరూ నిలబడి ఆ రోజు ఎవరు సెలవులో ఉన్నారో, ఏ మందు అయిపోవస్తున్నదో, ఏ రోగి కోసం వెతకాలో చెప్పుకునే అలవాటు ఈ అంకెలన్నిటికంటే ముందే తేడాను పట్టిస్తుంది.

సర్దుబాట్లన్నీ చేశాక కూడా లోటు మిగిలితే అప్పుడు అదనపు సిబ్బందిని అడగాలి. మన ఉదాహరణలో ఏ సర్దుబాటూ చేయకముందు, 85 శాతం పరిమితితో కావలసిన వైద్యులు 2.2 మంది, ఉన్నది ఇద్దరు, నిష్పత్తి 0.9. సర్దుబాట్ల తర్వాత అది దాదాపు 1కి చేరింది కనుక ఇక్కడ మూడో వైద్యుడి పోస్టు అడగడం సమంజసం కాదు. అడగవలసింది డేటా ఎంట్రీకి ఒకరిని, సెలవు రోజుల్లో పక్క పీహెచ్‌సీ సహకారానికి ఒక ఉత్తర్వును. ప్రతిపాదనతో పాటు జనాభా జాబితా సారాంశం, ఒక్కో పనికి తీసుకున్న నిమిషాలు, వాటిని కొలిచిన వారం తేదీలు, ఇప్పటికే చేసిన సర్దుబాట్లు జతచేసి, జిల్లా కార్యాచరణ ప్రణాళికలు తయారయ్యే సమయానికి ముందే పంపాలి. జనాభా జాబితా మారిన ప్రతి ఏడాదీ, వైద్యాధికారి బదిలీ అయిన ప్రతిసారీ పట్టికను మొదటి గడి నుంచి మళ్లీ నింపాలి.